వెండి రంగు వేసిన బాయిలర్

ఇరవై ఏళ్లపాటు కోర్టు మెట్ల మీద తప్ప మరెక్కడా ఎదురుపడని ప్రభుత్వమూ విద్యుత్ కంపెనీయూ, బొగ్గు భవిష్యత్తు కోసం కౌగిలించుకోవాలని ఒక శుభదినాన నిర్ణయించుకున్నాయి. ముసలి మూడో బాయిలర్ మరో పదిహేనేళ్లు మండుతుందని ఉమ్మడి ఒప్పందం. ఆ కౌగిలికి వేదికగా, మరమ్మతు కోసం ఆపి ఉంచిన ఆ బాయిలర్ కడుపునే ఎంచుకున్నారు. లోపల నిలబడి ఫొటో దిగి, బయటికొచ్చి మీట నొక్కాలి.

ఆ కడుపులో అప్పటికి మూడు వారాలుగా ఒక మనిషి కాపురముంటున్నాడు. ఆయన ఫోర్‌మన్. అందరూ సుత్తి అంటారు. మాటలతో చంపుతాడని కాదు. ఆయన నోటి నుంచి మాట రాలడమే అపురూపం. చేతిలో చిన్న సుత్తి పట్టుకుని, నీటిగొట్టాలను ఒక్కొక్కటే తట్టి, చెవి ఆనించి వింటాడు. గట్టి గొట్టం ఖంగుమంటుంది. అరిగినది పగిలిన కుండలా పలుకుతుంది. అలా పలికిన నలభై ఒక్క గొట్టాల మీద సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టాడు. ఇక వాటిని కోసి మార్చడమే మిగిలింది. మార్చకుండా మంట పెడితే ఏదో ఒకటి పగులుతుంది. పగిలితే మరిగే ఆవిరి మొదట దిగేది అడుగునున్న బూడిద గుంటలోకి. ఆ గుంటలో బూడిద లాగే కూలీ ఆయన అల్లుడు.

మహనీయుల రాక కోసం ప్రభుత్వం వారు లోపలంతా నీళ్లు కొట్టించారు. కంపెనీ వారు వెండి రంగు వేయించారు. ఒకరినొకరు అడగలేదు, ఫోర్‌మన్‌ను అసలే అడగలేదు. ఉభయుల సహకారానికి అదే తొలి ఫలం. పొద్దున్నే వెల్డర్లను వెంటబెట్టుకుని వచ్చిన ఫోర్‌మన్‌కు నలభై ఒక్క గుర్తుల చోట తన ముఖమే తళతళలాడుతూ కనిపించింది.

మీట నొక్కాలంటే ఫోర్‌మన్ సంతకం కావాలి. ఆయన పెట్టనన్నాడు. కంపెనీ మేనేజరు బతిమాలాడు, పింఛను గుర్తుచేశాడు, గొంతు పెంచాడు. ప్రభుత్వ కార్యదర్శి దేశ ప్రగతి గురించి చెబుతూ గోడకు ఆనుకున్నాడు. కోటు వీపున వెండి చారలు తేలాయి. చివరికి అల్లుణ్ణే పిలిపించారు. అతను వచ్చీరాగానే మామగారి మీద విరుచుకుపడ్డాడు.

"మామయ్యా, బాయిలర్ చల్లగా ఉంటే నా పొయ్యి కూడా చల్లగానే ఉంటుంది. మూడు వారాలుగా కూలి లేదు. మీ చెవి మీద నమ్మకంతో మీ అమ్మాయిని పస్తుండమంటారా?"

ఫోర్‌మన్ పెద్దల వైపు తిరిగాడు. "సంతకం పెడతాను. మంట పెట్టిన మొదటి గంట మీరిద్దరూ బూడిద గుంట దగ్గర నిలబడండి."

ఆ గౌరవం తమరిదేనని మేనేజరు కార్యదర్శికి వంగి విన్నవించాడు. పరిశ్రమకే అగ్రస్థానమని కార్యదర్శి అంతకన్నా వంగాడు. అలా ఎంతసేపు వంగేవారో గానీ, ఉన్నట్టుండి ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. చెరిగిపోయే సుద్దతో గుర్తులు పెట్టడం ఫోర్‌మన్ నిర్లక్ష్యమేనని ఉమ్మడిగా తేల్చి, అక్కడికక్కడే సస్పెండ్ చేశారు. ఇరవై ఏళ్లలో వారు మనస్ఫూర్తిగా ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి విషయం అదే.

మేనేజరు కలాన్ని అల్లుడికి అందించాడు. "ఇవాళ్టి నుంచి నువ్వే ఫోర్‌మన్‌వి. కానీయ్."

అల్లుడి ముఖం వెలిగింది. మామగారి వైపు కసిగా చూసి, కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. పేరులో మొదటి అక్షరం రాశాక ఆగాడు.

"సార్, నేను పైకొస్తే కింద బూడిద లాగేదెవరు?"

"మీ తమ్ముడు ఖాళీగానే ఉన్నాడటగా. అతన్నే వేద్దాం," అన్నాడు మేనేజరు ఉదారంగా.

అల్లుడు కాసేపు ఆ అక్షరాన్నే చూశాడు. తర్వాత మామగారి చేతిలోని సుత్తి లాక్కుని ఎదుటి గొట్టాన్ని తట్టాడు. ఖంగుమంది. పక్కదాన్ని తట్టాడు. పగిలిన కుండ. అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కలంతో సహా మేనేజరు జేబులో దోపాడు.

మర్నాడు పత్రికల్లో, ఉభయ పక్షాల సంపూర్ణ సామరస్యం వల్ల కార్యక్రమం వాయిదా పడిందని వచ్చింది. ఫోర్‌మన్‌కు మాత్రం ఒక ఉత్తర్వు వచ్చింది: గొట్టాలు వినగలవారు వేరెవరూ లేనందున, సస్పెన్షన్ యథాతథంగా కొనసాగుతూండగా, వచ్చి విని పోవలసినది.

ఆయన వచ్చాడు. అల్లుడు ఎర్ర రంగు డబ్బా, కుంచె పట్టుకుని ముందే నిలబడి ఉన్నాడు.

"మీ మీద కోపం పోలేదు మామయ్యా."

"ఉండనీ," అన్నాడు ఫోర్‌మన్, మొదటి గొట్టాన్ని తడుతూ. "గుర్తు మాత్రం పెద్దగా పెట్టు."