నాలుగున్నర కాగితాల పుస్తకం

నేను ఒక బొమ్మల నవలను. రెండువందల పన్నెండు పేజీలు, గట్టి అట్ట. నన్ను గీసినాయన నాలుగేళ్లు వంగి కూర్చుని గీశాడు. నేను పూర్తయ్యేసరికి ఆయన నడుము చక్కగా నిలబడడం మానేసింది. నాలో కథ చిన్నదే. కరువు ఏడాది తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ ఒక ఆడమనిషి ఊరూరూ తిరుగుతుంది. ఆమె ఎక్కువ మాట్లాడదు. ఎండలో అంత దూరం నడిచే మనిషికి ఉపన్యాసాలిచ్చే ఓపిక ఎక్కడిది? నాలో మాట తక్కువ, దుమ్ము ఎక్కువ. ఆ దుమ్మును కుదురుగా గీయడానికే ఆయనకు ఒక ఏడాది పట్టింది.

నేను నమూనా ప్రతిని కూడా. అంటే కొనేముందు చూపులకు పంపే ప్రతిని. ఆ ఏడాది గ్రంథాలయాలకు గ్రాఫిక్ నవలలు కూడా ఎంపిక చేయాలని పైనుంచి కాగితం వచ్చిందట. ఎందుకని ఎవరూ అడగలేదు. నన్ను రాయలసీమలో ఒక జిల్లా గ్రంథాలయ కార్యాలయానికి పంపారు.

అక్కడొక పద్ధతి ఉంది. నమూనా ప్రతి ముందు ఒక శాఖా గ్రంథాలయానికి వెళ్లి, వారం రోజులుండి, పాఠకుల అభిప్రాయంతో తిరిగి రావాలి. మామూలుగా కట్టకు కట్టిన పురికొస కట్టినట్టే ఉంటుంది. పైన మాత్రం ‘పాఠకులు మిక్కిలి మెచ్చుకున్నారు’ అని రాసి ఉంటుంది. పురికొస విప్పకుండానే మెచ్చుకోగల పాఠకులు మా జిల్లాలో తప్ప ఇంకెక్కడా ఉండరని నా నమ్మకం.

నా అదృష్టం, నేను వెళ్లింది వింధ్యావళి దగ్గరికి. బస్టాండు వెనక రెండు గదుల శాఖకు ఆమె గ్రంథాలయాధికారి. కట్ట రాగానే కత్తెర తీసుకుని పురికొస కోసి, నన్ను తీసి పేపర్లు చదివే బల్ల మీద పడేసింది.

ఆ బల్ల దగ్గర పకీరన్న కూర్చునేవాడు. ముప్పయ్యొక్క ఏళ్లు బస్సు నడిపి రిటైరైన డ్రైవరు. రోజూ అందరికంటే ముందొచ్చి, పేపరు పైకి చదివి, నలుగురు ముసలాళ్లకు వ్యాఖ్యానం చెప్పేవాడట. కిందటేడు పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది, మాట సగం వచ్చింది, చదువు రాలేదు. లైను మొదట్లో పట్టుకున్న మాట చివరికొచ్చేసరికి జారిపోయేది. వస్తువుల పేర్లన్నీ పోయి ఒక్క ‘బస్సు’ మిగిలింది. మంచినీళ్లూ బస్సే, చెప్పులూ బస్సే, భార్య ఓబుళమ్మ కూడా బస్సే. అయినా రోజూ వచ్చి, పేపరు విప్పి, కాసేపటికోసారి పేజీ తిప్పేవాడు. ఆయన చదవడం లేదని ఆ నలుగురికీ తెలుసు. ఆయన ముందు ఎవరూ అనలేదు. వింధ్యావళికీ తెలుసు. నన్ను సరిగ్గా ఆయన మోచేతి పక్కనే పడెయ్యడం పొరపాటున జరిగిందని నేననుకోను.

మొదటిరోజు ఊరికే తిప్పాడు. మూడోరోజుకు మీదికి వంగాడు. వేలు పెట్టి గడి తర్వాత గడి, ఘాటు రోడ్డులో బండి దించినట్టు మెల్లగా దిగాడు. ఏడోరోజుకు నూటపన్నెండో పేజీకొచ్చాడు. ఎండిన ఏట్లో ఆ ఆడమనిషికి గిట్టల గుర్తులు కనిపించే పేజీ అది. సరిగ్గా అప్పుడే నన్ను తిరిగి పంపే వేళయింది.

“మేడమ్,” అన్నాడు పకీరన్న, నా మీద నుంచి చెయ్యి తియ్యకుండా. “బస్సు... దొరికిందా?”

“మేక సంగతా పకీరన్నా?”

ఔనని తలూపాడు.

“నేను చెప్పను. నువ్వే చదువుకుందువులే.”

“యెప్పుడు?”

“తెప్పిస్తా గదా. నాలుగు దినాలు ఓర్చుకో.”

ఆమె ఒకటిన్నర పేజీ అభిప్రాయం రాసింది. చదువు పోయిన మనిషి ఏడాది తర్వాత ఒక కథ పట్టుకున్నాడనీ, దీన్ని పెద్దల విభాగంలో పెట్టి తీరాలనీ రాసింది. దాన్ని నా వెనకట్టకు గుచ్చింది. గుండుసూది ఇప్పటికీ గుర్తే.

ఎంపిక సంఘానికి అధ్యక్షుడు చెన్నకృష్ణయ్య, రిటైరైన హెడ్మాస్టరు. సభ్యుడు వీరనారాయణ, కవి. ఆయన ఏడు పద్య సంపుటాలూ జిల్లాలోని ప్రతి శాఖలోనూ ఉన్నాయి. ఒక్క పేజీ నలగలేదు. పుస్తకం ఒకటే, చదవాల్సినవాళ్లు ఇద్దరు కాబట్టి, అందులోని విషయాన్ని గుమాస్తా జిలానీ టైపు చేసి చెరొక ప్రతి ఇవ్వడం అక్కడి ఆచారం. జిలానీ శ్రద్ధగల మనిషి. నాలో ఉన్న ప్రతి మాటా ఏరి టైపు చేశాడు. బొమ్మలు టైపు కావు గనక వదిలేశాడు. రెండువందల పన్నెండు పేజీలు నాలుగున్నర కాగితాలయ్యాయి.

నన్ను బల్ల మీద పెట్టి, నా మీద కాఫీ గ్లాసు పెట్టి, ఆ కాగితాలు చదివారు. వింధ్యావళి గోడవార కుర్చీలో కూర్చుంది.

“‘ఇట్ల పోయిందా?’ ‘ల్యా.’ ‘మే,’” అని క్లాసులో చదివినట్టు చదివాడు చెన్నకృష్ణయ్య. “ఈ ‘మే’ ఎవరిదయ్యా జిలానీ?”

“మేకది సార్.”

“పాత్రల పట్టికలో రాయలేదే.”

“తప్పైంది సార్. చేరుస్తాను.”

“అరవై ఒకటి నుంచి అరవై ఎనిమిది దాకా ఖాళీ పెట్టినావే?”

“అక్కడ మాటలు లేవు సార్.”

ఆ ఎనిమిది పేజీల్లో ఆమె పాడుబడ్డ బావి గట్టున కూర్చుని ఉంటుంది. పొద్దు వాలుతుంది, అంతే. నన్ను గీసినాయన నడుము పోయింది అక్కడే.

“ఏమీ లేనిచోట అభ్యంతరకరం కూడా ఏమీ లేనట్టే,” అన్నాడు వీరనారాయణ. “ఎంపిక చేసేద్దాం.”

“చేసి పిల్లల విభాగంలో పెడదాం,” అన్నాడు చెన్నకృష్ణయ్య.

వింధ్యావళి లేచి నిలబడింది. “సార్, ఇది పెద్దవాళ్ల కథ. ఒకసారి బొమ్మలు చూడండి.”

“బొమ్మలు అలంకారమమ్మా. విషయం ఇదో, ఈ కాగితాల్లో ఉంది.”

“నా అభిప్రాయం చదివినారా సార్?”

“ఒకటిన్నర కాగితం రాసినావు గదమ్మా. నాలుగున్నర కాగితాల పుస్తకానికి అంత అభిప్రాయమా?”

ఏకగ్రీవంగా ఎంపికయ్యాను. నా మీది కాఫీ గుండ్రం మీదే ముద్ర పడింది: పిల్లల విభాగం.

పిల్లల విభాగమంటే అద్దాల బీరువా. పిల్లలు చింపుతారని దానికి తాళం. పిల్లల పుస్తకాలు పెద్దలకివ్వరాదని నియమం. అందుకే మా జిల్లాలో పిల్లల పుస్తకాలంత శుభ్రమైనవి ఎక్కడా కనిపించవు. ముద్ర పడ్డాక వింధ్యావళి నన్ను పట్టుబట్టి తన శాఖకే తెచ్చుకుంది గానీ, బీరువాలో పెట్టక తప్పలేదు. పకీరన్న వచ్చి అద్దం ముందు నిలబడ్డాడు. నన్ను గుర్తుపట్టాడు. అద్దం మీద వేలితో రెండుసార్లు కొట్టి, వెళ్లి పేపరు విప్పుకున్నాడు.

ఆమె నియమాల పుస్తకం మూడుసార్లు తిరగేసింది. పాడైన పుస్తకాన్ని మరమ్మతు బల్ల మీద పెట్టవచ్చని ఉంది. ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలో లేదు. మర్నాడు పొద్దున తాళం తీసి, నా కుట్టులోంచి ఒక్క దారం లాగి, ‘కుట్టు వదులు, మరమ్మతుకు’ అని రిజిస్టర్లో రాసింది. అబద్ధం రాయడం ఆమెకు చేతకాదు, అందుకే ఆ దారం. పకీరన్నను పిలిచి బల్ల ముందు కుర్చీ వేసింది. సాయంత్రం కుట్టింది. మర్నాడు మళ్లీ ఒక దారం.

మేక సంగతి ఆయనకు పదకొండో రోజున తెలిసింది. ఎవరికీ చెప్పకుండా మొదటి పేజీ తిప్పి మళ్లీ బయల్దేరాడు.

ఏడాది చివర రిజిస్టరు జిల్లా కార్యాలయానికి వెళ్లింది. ఒకే పుస్తకానికి అరవై మూడు మరమ్మతులు. చెన్నకృష్ణయ్య కళ్లజోడు సర్దుకుని, “ఇన్నిసార్లు కుట్టినా నిలవని పుస్తకం దేనికి, తీసిపారెయ్యండి,” అన్నాడట. ఇది కూడా ఏకగ్రీవమే. తీసేసిన పుస్తకం పనికిరానిది గనక కోరిన పాఠకుడికి ఊరికే ఇవ్వవచ్చని నియమం. కోరిన పాఠకుడు ఒక్కడే ఉన్నాడు.

అలా నేను పనికిరానిదాన్నై పకీరన్న ఇంటికొచ్చాను. ఓబుళమ్మ వాకిట్లో వేరుశనక్కాయలు వలుస్తుంటే ఆయన పక్కన కూర్చుని నన్ను చదివి వినిపిస్తాడు. బావి మీద వేలు పెట్టి “బస్సు” అంటాడు. “బావి,” అంటుందామె తలెత్తకుండా. ఒక్కోసారి “బావి” అని తనూ అంటాడు, ఎక్కువసార్లు అనడు. నా పేజీలకు నూనె అంటింది, మూలలు చిరిగాయి. ఇప్పుడు నిజంగానే మరమ్మతు కావాలి.

మొన్న ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. అందులో ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ దారి వైపు చూస్తుంటుంది. పకీరన్న చాలాసేపు చూసి, ఆ మొహం మీద వేలు పెట్టి, “ఓబుళమ్మ,” అన్నాడు.

వలిచే చేతులు ఆగాయి. ఆమె కాయలు పక్కకు నెట్టి, నన్ను దగ్గరికి లాక్కుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

“నా ముక్కు ఇంత లావుగా ఉండాదా?”

“ఉండాది,” అన్నాడు పకీరన్న.