మోషే వంటింట్లో మేనకోడలు

ఒరే ప్రవీణూ, ఆ సెల్లు పక్కన పడెయ్. నూడుల్స్‌లో నీళ్లెక్కువైతే సూపని బుకాయించే మొహానివి, వంటంటే నీకేం తెలుసురా? మన దేవేంద్ర నగర్ మోషే సంగతి విను.

మోషే రైల్వేలో గార్డుగా రిటైరైనోడు. భార్య సారమ్మ ప్రభువు దగ్గరికెళ్లి పదకొండు నెలలు. మన తెలుగోళ్ల సంఘంలో శనివారం శనివారం ఒక్కో ఇంట్లో కూడిక: పాటలు, ప్రార్థన, ఆపైన భోజనం. వంతుల చీటీ సరోజిని చేతిలో ఉంటుంది. మోషే వంతొస్తే చాలు, "పాపం, ఒంటోడు, ఎవరొండుతారు?" అని ఆ పేరు దాటేసేవాళ్లు. జాలేలే. కానీ ఆ జాలితో ఆ ఇంటి తలుపు కొట్టేవాడే లేకుండా పోయాడు. పాలవాడు కూడా ప్యాకెట్ గేటుకి తగిలించి పోతాడు.

మోషే చూశాడు, చూశాడు, ఓ అబద్ధం అల్లాడు. సరోజినికి ఫోన్ కొట్టి, "చెల్లెమ్మా, అభన్‌పూర్ నుంచి మా మేనకోడలు కీర్తన వచ్చింది. వంటంతా అదే. ఈ శనివారం మా ఇల్లే రాయి," అన్నాడు.

మరి ఏం వండాలి? చేపల పులుసు పెడితే సారమ్మ పులుసు గుర్తొచ్చి, వండింది తనేనని అందరూ పట్టేస్తారు. అందుకని నిమ్మకాయ పాస్తా! కుర్రపిల్లలు చేసేది, పైగా ఎలా ఉండాలో మనోళ్లలో ఎవడికీ తెలీదు. శంకర్ నగర్ వెళ్లి పాస్తా, చీజు, క్రీము తెచ్చాడు. వీడియో చూస్తూ మొదటిసారి మరిగే పాలల్లో నిమ్మకాయ పిండేశాడు. ఏక్‌దమ్ పనీర్! రెండోసారి బుద్ధొచ్చి, పొయ్యి కట్టేసి, క్రీములో చీజు కరిగాక నిమ్మరసం చుక్కచుక్కగా కలిపాడు. పాస్తా ఉడికిన నీళ్లు ఓ గరిటెడు పోసేసరికి నున్నగా మెరిసింది.

శనివారం పన్నెండు మంది వచ్చారు. ప్రార్థనయ్యాక మోషే వంటింట్లోకెళ్లి తలుపు దగ్గరికేశాడు. "కీర్తనా, ప్లేట్లు ఇలా ఇయ్యమ్మా." తనే సన్నగొంతు పెట్టి, "ఇదిగో మావయ్యా!"

"అమ్మాయి బయటికి రాదేం?" అన్నాడు పక్కింటి అచ్చయ్య.

"సిగ్గు బావా."

మళ్లీ లోపలికి. "మిరియాలు చాలాయా తల్లీ?"

"చాల్లే మావయ్యా, నువ్వు కూచో."

నువ్వు కూచో అని ఆ ఇంట్లో ఓ గొంతు అని ఎన్నాళ్లయిందో! పనేం లేకపోయినా ఇంకో రెండుసార్లు లోపలికెళ్లొచ్చాడు.

గిన్నె ఖాళీ. అందరూ బయల్దేరాక సరోజిని గుమ్మంలో ఆగింది.

"అన్నయ్యా, పొద్దున్న కీర్తన నాకు ఫోన్ చేసింది. అక్కడే అభన్‌పూర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉందట. మావయ్య ఫోనెత్తట్లేదు, ఓసారి చూసిరా ఆంటీ అంది."

మోషే మొహం పాలిపోయింది. "అయితే మీ అందరికీ..."

"అందరికీ తెలుసు. అచ్చయ్యగారు నవ్వాపుకోలేక దగ్గీ దగ్గీ చచ్చారు. వచ్చే నెల రెండో శనివారం కూడా నీ పేరే రాశాను. ఈసారి నీ గొంతుతోనే వడ్డించు, చాలు."

గేటేసి వచ్చాడు మోషే. పన్నెండు మందిని బకరా చేద్దామనుకుంటే పన్నెండు మందీ కలిసి తననే చేశారని ఒక్కడే నవ్వుకున్నాడు. ఎంగిలి ప్లేట్లు ఎత్తుతూ వంటింటి వైపు తిరిగి, "కీర్తనా, నువ్వు తిన్నావా అమ్మా?" అన్నాడు.

ఆ పిల్ల వంటింట్లో ఉందని పన్నెండు మందిలో ఒక్కడూ నమ్మలేదురా ప్రవీణూ. నమ్మినోడు మోషే ఒక్కడే. సన్నగొంతు పెట్టకుండా, ప్లేట్లు చేత్తో పట్టుకుని, జవాబు కోసం అలాగే నిలబడ్డాడు.