ఆఖరి ఫారం లేని హత్య

నేను ఒక హత్య పుస్తకాన్ని. చదివినవాళ్లు భయపడాలని నన్ను రాశారు. కానీ పుట్టిన దగ్గర్నుంచి భయపడుతూ బతికింది మాత్రం నేనే.

నాలో జరిగే హత్య హాలీవుడ్‌లో జరుగుతుంది. నన్ను రాసినాయన హాలీవుడ్ చూడలేదు. అందుకే నాలో ఉన్న హాలీవుడ్‌లో పెద్ద పెద్ద తారల ఇళ్లకు కూడా అరుగులుంటాయి. సినిమా హీరో విక్టర్ హేల్ తన పుట్టినరోజు పార్టీలో, సొంత ఇంటి ఈతకొలనులో శవమై తేలుతాడు. అతని నాలుగో భార్య మిరాండా గౌను అంచుతో కళ్లు ఒత్తుకుంటుంది. డిటెక్టివ్ ఏదైనా ఆలోచించాలంటే ముందు కాఫీ గ్లాసులో తిరగబోసుకుని చల్లార్చుకుంటాడు. పార్టీకి వచ్చిన ప్రతి ఒక్కరికీ విక్టర్‌ని చంపడానికి ఒక కారణం ఉంటుంది, ప్రతి ఒక్కరూ ఒక జోకు కూడా వేస్తారు. చావు పక్కన కూర్చుని నవ్వడం మనుషులకు ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను బెజవాడలో ముతక కాగితం మీద అచ్చయి, నరసాపురంలో పోతురాజు గారి అద్దె పుస్తకాల కొట్టుకు చేరాను. అక్కడే నాకు భయాలన్నీ పరిచయమయ్యాయి. నాలుక మీద తడి చేసుకుని పేజీ తిప్పే వేళ్లంటే భయం. వానకు కారే పైకప్పంటే భయం. అన్నిటికంటే పెన్నంటే భయం. ముందుగా చదివేసినవాడు తర్వాత వచ్చేవాడి సరదా చెడగొట్టాలని మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసి పోతాడు. నా పక్కనుండే పుస్తకానికి అదే జరిగింది. ఆ తర్వాత దాన్ని ఎవరూ అడగలేదు.

చేతులు మారీ మారీ నా కుట్లు ఊడిపోయాయి. పోతురాజు గారే పుస్తకాలు విప్పి మళ్లీ కుట్టేవారు. ఒకరోజు బల్ల మీద నన్నూ, ఇంకో డిటెక్టివ్ నవలనూ కలిపి విప్పారు. ఉడికించిన మైదా జిగురు పక్కన పొగలు కక్కుతోంది. ఇంతలో ఎవరో వచ్చి ఎన్నికల గురించి వాదన పెట్టుకున్నారు. పోతురాజు గారు వాదిస్తూనే దబ్బనం గుచ్చారు, వాదిస్తూనే దారం లాగారు. వాదనలో ఆయనే గెలిచారు. కానీ నా ఆఖరి ఫారం, అంటే చివరి పదహారు పేజీలు, ఆ రెండో పుస్తకంలోకి వెళ్లిపోయాయి. దాని చివరి పేజీలు నాకు వచ్చి అతుక్కున్నాయి. విక్టర్‌ని ఎవరు చంపారో ఆ రోజు నుంచి నాకే తెలియకుండా పోయింది. ఇక నా భయమంతా ఒక్కటే. ఎవరో ఒకరు చివరిదాకా చదువుతారు.

ఆ చదివే మనిషి సువార్త అయింది. నరసాపురం పక్క పల్లెలో తొమ్మిదో తరగతి చదివే పిల్ల. ఆ పల్లెలో ఆడవాళ్లు మధ్యాహ్నం పూట ఒక వరండాలో చేరి లేసు అల్లుతారు. చేతులూ కళ్లూ లేసు మీద ఉంటాయి, చెవులు ఖాళీ. అందుకని సెలవుల్లో ఎవరో ఒక పిల్లని కూర్చోబెట్టి నవల చదివించుకుంటారు. సువార్తకు నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పడతాయి. కానీ పుస్తకం పట్టుకుంటే ముఖం కనపడదు కదా, అందుకని ఒప్పుకుంది. నన్ను పట్టుకున్న ఆ చేతులు మొదటిరోజు ఎంత వణికాయంటే, నాకు నా భయం కొంచెం తక్కువనిపించింది.

ఆ వరండాలో వరాలమ్మ ఉండేది. ఆమె కడుపులో గడ్డ ఉంది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్‌కి రమ్మన్నారు. ఆమె ఒకసారి ఆసుపత్రి గేటుదాకా వెళ్లి తిరిగి వచ్చేసింది. ఇంకోసారి బస్సెక్కి, మధ్యలోనే దిగిపోయింది. ఆమె అక్క అలాగే ఆపరేషన్‌కని వెళ్లి తిరిగి రాలేదు. ఇంకా ఆలస్యమైతే తాము చేయగలిగింది ఉండదని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది.

"రేపెల్లాలి గదే నువ్వు? సంచీ సర్దుకున్నావా?" అని అడిగింది చిట్టెమ్మ మామ్మ. ఆ వరండాకు ఆమే పెద్ద.

"ఇంకా కత అవలేదు గదత్తా. ఆ బాబుని ఎవడు సంపాడో తెలిత్తే ఎల్తాను. మద్దిలో వదిలేసి పోతే ప్రాణం ఇక్కడే కొట్టుకుంటాది."

"అదిగో, దీనికో సాకు దొరికింది. ఒసే సువార్తా, ఇయ్యాలే అవగొట్టవే ఆ పుస్తకం. లేపోతే ఇది ఆ కొలన్లో శవం పక్కనే కాపరం పెట్టేలాగుంది."

అందరూ నవ్వారు. వరాలమ్మ కూడా నవ్వింది గానీ, ఆమె చేతిలో సూది కదలడం లేదు. నాకు చల్లగా చెమట పట్టినట్టయింది. పుస్తకాలకు చెమట పట్టదు, అది సువార్త బొటనవేలిది.

సువార్త చదువుతోంది. డిటెక్టివ్ అందరినీ కొలను చుట్టూ నిలబెట్టాడు. కాఫీ చల్లార్చుకున్నాడు. "మిత్రులారా, ఈ హత్య చేసింది మరెవరో కాదు..." అన్నాడు. సువార్త పేజీ తిప్పింది.

కొత్త పేజీలో కరణం గారు గూడుబండి దిగి, ఉత్తరీయం సర్దుకుంటూ చావిట్లోకి వచ్చారు.

సువార్త చదవడం ఆపింది. తర్వాతి పేజీ చూసింది. అక్కడా కరణం గారే. ఈ పిల్ల ఇప్పుడు నన్ను మూసేస్తుంది, ముగింపు లేదని చెప్పేస్తుంది, ఆ మనిషి బస్సెక్కదు. నేను కళ్లు మూసుకోవాలనుకున్నాను. కానీ నాకున్నవన్నీ తెరుచుకునే పేజీలే.

"ఏమైందే? ఎవడంట?" అంది చిట్టెమ్మ మామ్మ.

సువార్త తల ఎత్తలేదు. నా మీద నుంచి కళ్లు తీయకుండానే, "ఎవరూ చంపలేదంట మామ్మా. విక్టర్ చావలేదంట" అని చదివింది. ఆ మాట నాలో ఎక్కడా లేదు.

"సావలేదా? మరి నీళ్లలో తేలిందెవరే?"

"అది... మైనం బొమ్మంట. సినిమా వాళ్ల దగ్గర ఉంటాయి కదా."

"ఆళ్లావిడ దగ్గరకెళ్లి ఏడ్సింది గదే. మొగుడికీ బొమ్మకీ తేడా తెలీదా?"

"నాలుగో భార్య కదా మామ్మా. ఇంకా అంత అలవాటు లేదు."

వరండా గొల్లుమంది. సువార్త సరిగ్గా సమయానికి పేజీ తిప్పింది. గొంతు ఎక్కడా ఆగలేదు. కొత్త సినిమాలో విక్టర్ కొండ మీద నుంచి దూకాలంట. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి అతనికి నిద్ర లేదంట. తను పిరికివాణ్ణని చెప్పుకోలేక, బొమ్మని నీళ్లలో వేసి, తను వంటగది అటక మీద దాక్కున్నాడంట. రోజూ కేకులు మాయమవుతుంటే డిటెక్టివ్ నిచ్చెన వేసుకుని ఎక్కి పట్టుకున్నాడంట.

"ఛీ, ఇంత పిరికోడా ఈడు" అంది చిట్టెమ్మ మామ్మ.

వరాలమ్మ నవ్వలేదు. "మరి దూకాడా?" అని అడిగింది.

సువార్త మొదటిసారి నా మీద నుంచి కళ్లు ఎత్తి ఆమెను చూసింది.

"దూకాడత్తా."

"దెబ్బ తగిలిందా?"

"తగిలింది. కాలు బెణికింది. కొన్నాళ్లు కుంటాడు. అంతే."

కుంటాడని చెప్పడం వల్లే వరాలమ్మ నమ్మిందని నాకు అనిపిస్తుంది. ఏమీ కాలేదంటే నమ్మేది కాదు. సూది కింద పెట్టి, "ఆ పుస్తకం నాకియ్యవే, తోడుగా తీసుకెల్తాను" అంది. ఆమెకు చదవడం రాదు. సువార్త ముఖం పాలిపోయింది. అక్కడ ఎవరైనా చదివి చెప్పేస్తే? అయినా నన్ను మూసి ఆమె చేతిలో పెట్టింది.

నేను తువ్వాళ్ల మధ్య కూర్చుని ఆసుపత్రికి వెళ్లాను. మందుల వాసనలో, ఆమె దిండు పక్కన పడుకున్నాను. మర్నాడు పొద్దున ఆమెను తయారుచేయడానికి వచ్చిన నర్సు నన్ను చూసి చేతిలోకి తీసుకుంది. కొందరు పుస్తకాన్ని చివరి నుంచి మొదలుపెడతారు. ఆమె అలాంటిదే.

"ఏవండీ, ఇందులో చంపింది కరణం గారంట కదా."

వరాలమ్మ లేచి కూర్చుంది. "కరణం ఎవరమ్మా? ఇట్టరు దూకలేదా?"

నర్సు ముందు పేజీలు కూడా తిరగేసింది. "ఇక్కడ చివర్లో విక్టరనే పేరే లేదండి. బైండింగ్‌లో ఏదో కలిసిపోయినట్టుంది. అసలు ముగింపు మీ పుస్తకంలో లేదు."

వరాలమ్మ కాళ్లు మంచం దిగాయి. చెప్పుల కోసం నేల మీద వెతుకుతున్నాయి. గేటు దగ్గర్లోనే ఉంది, బస్సులు తిరుగుతూనే ఉన్నాయి. నర్సు చేతిలో ఉన్న నేను, నా కుట్లన్నీ ఒక్కసారిగా తెగిపోతే బాగుండుననుకున్నాను.

ఒక చెప్పు దొరికింది. దాన్ని కాలితో అలా తొక్కిపట్టి ఆమె చాలాసేపు కూర్చుంది.

"అయితే అదంతా మా సువార్త సొంతంగా చెప్పిందన్నమాట" అంది చివరికి. "బళ్లో హాజరు పలకటానికే నోరు రాదమ్మా దానికి. అంతమందిలో, అంత కత."

ఆమె చెప్పును మంచం కిందికి తోసేసింది. "ఎప్పుడు తీసుకెల్తారు?" అంది.

ఆమెను తీసుకెళ్లాక దుప్పటి మార్చారు. దిండు దులిపారు. నన్ను కిటికీలో పెట్టారు. ఖాళీ మంచాన్ని చూస్తూ కూర్చోవడం ఎలాంటిదో నాలోని హాలీవుడ్ వాళ్లకెవరికీ తెలియదు. వాళ్లు చావు దగ్గర జోకులు వేస్తారు. నాకు ఒక్కటీ గుర్తు రాలేదు. ఎండ మంచం మీద నుంచి నేల మీదికి, నేల మీద నుంచి గోడ మీదికి పోయింది. అప్పుడు తలుపు దగ్గర చక్రాల చప్పుడైంది. వరాలమ్మ కళ్లు మూసుకుని ఉంది. మూలుగుతోంది. మూలుగు ఇంత మంచి శబ్దమని నాకు తెలియదు.

కొన్నాళ్లకు ఆమె దిండుకు ఆనుకుని కూర్చోగలిగింది. పక్క మంచం మీదికి కొత్తగా ఒకామె వచ్చింది. సంచీ కూడా విప్పలేదు, అస్తమానం గుమ్మం వైపే చూస్తోంది. వరాలమ్మ ఆమెను గమనించింది. కిటికీలోంచి నన్ను అందుకుంది.

"ఇట్రా అమ్మా, ఇలా కూకో. కత సదూతాను."

నన్ను తలకిందులుగా తెరిచింది. గొంతు సవరించుకుని, అక్షరాల మీద వేలు పెట్టి, "ఇట్టరని ఒకడు. మా పిరికోడు" అని మొదలుపెట్టింది.