పెద్దక్క చెప్పాల్సిన మాట

పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పెద్దక్కకు కాలు ఒకచోట నిలవలేదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. తళతళలాడుతున్న పొయ్యినే ఇంకోసారి తుడిచింది. ఫ్రిజ్ తెరిచి, ఎందుకు తెరిచిందో మర్చిపోయి, చలిగాలి మొహాన కొట్టేదాకా నిలబడి మూసేసింది. ఆ అద్దె ఇంట్లో ఉండే ఆడపిల్లలందరికీ వయసులో పెద్దది కాబట్టి ఆమెకు ఆ పేరు. పెళ్ళయి, కొన్నేళ్ళు ఉద్యోగం చేసి, భర్తనూ ఉన్న ఒక్క కూతురినీ మన దేశంలోనే వదిలి మాస్టర్స్ చదవడానికి ఇంత దూరం వచ్చిన మనిషి. ఈ సెమిస్టరుతో చదువైపోతుంది. ఉద్యోగం ఖాయమైంది, డిగ్రీ చేతికి రావడమే తరువాయి. సరిగ్గా అప్పుడే నెత్తిన పిడుగు పడింది.

పిడుగు అన్నది మాటవరసకు కాదు. పక్క మంచం పిల్లకు ఆ ఇంటి ఆడపిల్లలు పెట్టిన పేరే అది. స్టాటిస్టిక్స్ అంటే భయపడి ఆ సబ్జెక్టును పెద్దక్క చివరిదాకా వాయిదా వేసుకుంటూ వస్తే, భయపడాలని తెలియక పిడుగు మొదట్లోనే తీసుకుంది. అలా ఇద్దరూ ఒకే క్లాసులో పడ్డారు. అసైన్‌మెంట్ ఇవ్వాల్సిన రోజున ఆ పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి, "అక్కా, నా బుర్ర అస్సలు పనిచెయ్యట్లేదు. నువ్వెలా చేశావో ఒక్కసారి చూసుకోనా?" అంది. పెద్దక్క గరిట తిప్పుతూ, వెనక్కి కూడా తిరగకుండా, "టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచే ఉంది, తీసుకోవే" అంది.

మన కాలేజీల్లో రికార్డు అడిగితే ఇవ్వనివాణ్ణి నలుగురూ ఆడిపోసుకుంటారు గానీ, ఇచ్చినవాణ్ణి ఎవరన్నా ఏమన్నా అంటారా? ఇక్కడ అంటారు. పైగా పిడుగు చూసి ఊరుకోలేదు, మక్కీకి మక్కీ దించేసింది. పెద్దక్క పొరపాటున ఒక వరుసను రెండుసార్లు కూడితే, ఆ మహాతల్లి కూడా భక్తిగా రెండుసార్లే కూడింది. కాపీ కొట్టడానికైనా కాస్త తెలివుండాలి కదా. ఇద్దరినీ విచారణకు రమ్మని డిపార్ట్‌మెంట్ నుంచి మెయిలొచ్చింది.

పై అంతస్తులో ఒక కుర్రాడున్నాడు. ఎవరికే చిక్కొచ్చినా అడక్కుండానే సలహా చెబుతాడని అందరూ వాణ్ణి ప్లీడరు అంటారు. మెయిలు సంగతి తెలిసి వాడు పెద్దక్కను మెట్ల దగ్గర ఆపాడు.

"చూడక్కా, వాళ్ళు తేల్చేది ఒక్కటే. నువ్విచ్చావా, ఆ పిల్ల నీకు చెప్పకుండా తీసుకుందా? ఇచ్చానన్నావో, ఇద్దరికీ సున్నా. ఆ సబ్జెక్టు మళ్ళీ చదవాలి. నీ ఉద్యోగం గోవిందా. చెప్పకుండా తీసుకుందంటే మాత్రం నీ జోలికి ఎవరూ రారు."

"మరి దాని సంగతి?"

"అది దొంగతనం కిందికొస్తుంది. సీటు తీసేస్తారు, ఇంటికెళ్ళిపోవాలి. అయినా చిన్నపిల్ల, ఇంకోచోట చేరుతుందిలే. నీకలా కాదు కదా."

ఆ మాట చెవిలో పడ్డప్పటి నుంచి పెద్దక్కకు కూర్చుంటే నిలబడాలనీ, నిలబడితే కూర్చోవాలనీ అనిపిస్తోంది. భర్తకు ఫోన్ చేస్తే అంతా విని "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాటను నమిలి మింగనూలేదు, ఉమ్మనూలేదు. పాపను తెచ్చుకోవాలి. ఉద్యోగం పోతే ఎప్పుడు తెచ్చుకోవాలి?

విచారణకు వెళ్ళే బస్సులో పిడుగు కిటికీ వైపు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూ, "అక్కా, భయంగా ఉందా?" అంది.

"నాకెందుకే భయం?" అంది పెద్దక్క. ఆ పిల్ల మొహం చూడలేక సీట్లు ఖాళీగా ఉన్నా లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

ముందు పిడుగును లోపలికి పిలిచారు. పెద్దక్క వరండాలో అటూ ఇటూ తిరిగింది. తనకు సంబంధం లేని నోటీసులన్నీ చదివింది. ఒక్కటీ బుర్రకెక్కలేదు. లోపల చెప్పాల్సిన మాటలు పెదాలతోనే వల్లె వేసుకుంది. 'లాప్‌టాప్ టేబుల్ మీదుంది, ఆ అమ్మాయి ఎప్పుడు తీసుకుందో నాకు తెలియదు.' అందులో సగం నిజమే కదా అని సర్దిచెప్పుకుంది.

తలుపు తెరుచుకుని పిడుగు బయటికొచ్చింది. మొహం పాలిపోయింది గానీ ఏడవలేదు. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"నీకు తెలియకుండా నేనే తీసుకున్నానని చెప్పేశానక్కా. నువ్విక ఏమీ కెలక్కు. పాప నీకోసం చూస్తోంది కదా."

పెద్దక్కకు ఏడుపు రావాలి. రాలేదు. ఒళ్ళంతా తేలికపడింది. హమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నది తనేనా అని హడలిపోయింది. వద్దే అనడానికి నోరు తెరిచేలోపే లోపలి నుంచి పిలుపొచ్చిందని తర్వాత తనకు తాను చెప్పుకుంది. అది ఉత్తమాట. కావాలంటే చెప్పడానికి వ్యవధి చాలానే ఉంది.

లోపల పొడుగు బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న పెద్ద ప్రొఫెసరమ్మ కుర్చీ చూపించి, నెమ్మదిగా ఇంగ్లీషులో అడిగింది.

"మీ అసైన్‌మెంట్‌ను ఆ అమ్మాయికి మీరే ఇచ్చారా?"

"లేదు. నాకు తెలియదు."

గొంతు వణకలేదు. వణుకుతుందనుకున్న గొంతు అంత శుభ్రంగా పలకడమే పెద్దక్కకు వింతగా ఉంది. ప్రొఫెసరమ్మ రాసుకుంది. రాసుకుని, కళ్ళజోడు తీసి కాసేపు ఆమెనే చూసింది.

"మీరు ఇంకోలా చెబుతారని ఆ అమ్మాయి మమ్మల్ని ముందే హెచ్చరించింది."

"ఏమని?"

"'మా అక్క లోపలికి రాగానే నేనే ఇచ్చానంటుంది. నా కోసం ఎంత అబద్ధమైనా ఆడుతుంది. ఆమె మాట నమ్మకండి' అని. వెళ్ళేటప్పుడు కూడా మళ్ళీ చెప్పి వెళ్ళింది."

పెద్దక్కకు తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో ముఖం కాలిపోతుంటే కుర్చీలోంచి లేచింది.

"నేనే ఇచ్చాను" అంది. "అది అడిగింది, నేను తీసుకోమన్నాను. ఇందాక నేను చెప్పిందే అబద్ధం. మీరు రాసుకున్నది కొట్టేయండి."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ప్రొఫెసరమ్మ అప్పుడు నవ్వింది, చాలా ఆప్యాయంగా నవ్వింది.

"ఆ అమ్మాయికి మీ సంగతి బాగా తెలుసు" అంటూ పెన్నుకు మూత పెట్టింది.

పెద్దక్క బల్ల మీద చెయ్యి వేసి మళ్ళీ చెప్పింది. ఇంగ్లీషు తడబడింది. ఎంత గట్టిగా చెబితే వాళ్ళు అంత జాలిగా తల ఊపారు. చివరికి ఒకాయన లేచి వచ్చి, మర్యాదగా తలుపు తెరిచి పట్టుకున్నాడు.

వరండాలో పిడుగు గోడకానుకుని నిలబడి ఉంది. పెద్దక్క మొహం చూడగానే దగ్గరికొచ్చేసింది.

"నేనే ఇచ్చానని చెప్పావు కదూ?"

"చెప్పానే."

"నాకు తెలుసు, చెబుతావని" అని ఆ పిల్ల పెద్దక్కను గట్టిగా వాటేసుకుని, అప్పుడు ఏడ్చింది. దాని వీపు నిమురుతూ పెద్దక్క అక్కడే నిలబడిపోయింది. అంతకుముందు 'నాకు తెలియదు' అన్న మాట గురించి నోరు విప్పలేదు.