ఎవరి దగ్గరికొచ్చింది?

"నీకు తేలికైంది పెట్టాలే," అన్నాడు లెస్టర్, పెళ్ళాం తెక్లా వీపు మీది చెక్క చట్రానికి మూస్ దుప్పి ముందుకాలును తాడుతో బిగిస్తూ.

తేలికైందట! ఎముకతో సహా పదేళ్ళ పిల్లను ఎత్తుకున్నంత బరువుంది. రెండు చేతులూ నాచులో ఆన్చి, ఒక మోకాలు లేపి, కాసేపాగి రెండోది లేపి నిలబడింది. యాభై రెండేళ్ళ మోకాళ్ళు చేసే చప్పుడు ఆమె ఒక్కదానికే వినిపించింది. లెస్టర్‌కు నడుం నొప్పి. మూడేళ్ళ కిందట మంచుబండి మీంచి పడ్డప్పుడు పట్టుకుంది. పడవ ఇంజను ఎత్తేటప్పుడు రాదు గానీ, మాంసం మోయాల్సి వచ్చేసరికి ఎక్కడున్నా పరుగెత్తుకొస్తుంది. అందుకని అతను గుండె, కాలేయం, కొవ్వు ఉన్న చిన్న సంచి భుజాన వేసుకున్నాడు. మరిది హార్వే మాత్రం, పాపం, ఒకటి తర్వాత ఒకటి వెనకకాళ్ళు నిజంగానే మోస్తున్నాడు.

పడవ దాకా మైలు దూరం. చిత్తడిలో మైలంటే మూడు మైళ్ళ పెట్టు. అడుగడుగునా గడ్డి దుబ్బులు. దుబ్బు మీద కాలేస్తే అది పక్కకు ఒరుగుతుంది, పక్కన వేస్తే మోకాటి దాకా దిగబడుతుంది. పొద్దుటి నుంచి తెక్లాకు ఇది మూడో తిరుగుడు.

నిన్న పొద్దున మగవాళ్ళిద్దరూ ఆడదుప్పిలా కూసి మగదుప్పిని పిలవడానికి యూకాన్ నది పాయ వెంట పైకి వెళ్ళారు. "నువ్వు గుడారం దగ్గరే ఉండు, మేమొచ్చేసరికి ఏదో ఒకటి వండి పెట్టు," అన్నాడు లెస్టర్. ఆమె ఇసకతో గిన్నెలు తోమి, బీన్స్ పొయ్యి మీద పెట్టి దించి, బకెట్టు తీసుకుని ఎర్ర పుల్లపళ్ళు ఏరడానికి చిత్తడి దాటి గట్టుకు వెళ్ళింది. ఎలుగు భయానికి పాత తుపాకీ వెంట తీసుకుంది. బకెట్టు సగం నిండిందో లేదో, తుప్పల్లోంచి కుర్ర మగదుప్పి ఒకటి బయటికొచ్చి నిలబడింది. ఆమెను చూసింది. పారిపోలేదు. పక్కకు తిరిగి, ఇక నీ ఇష్టం అన్నట్టు అలాగే ఉండిపోయింది. తెక్లా బకెట్టు చప్పుడు కాకుండా కింద పెట్టింది.

అది కూలిన తర్వాత దాని పక్కన కూర్చుని, తనంతట తానే వచ్చినందుకు మెల్లగా మంచి మాట చెప్పుకుంది. ఆ మాట ఇన్నేళ్ళుగా మగవాళ్ళు చెబుతుంటే వెనక నిలబడి విన్నదే. తన నోటితో చెబితే ఏడుపొచ్చింది. తుపాకీ మోత విని వాళ్ళు పరుగున వచ్చేసరికి ఆమె అప్పటికే కడుపు చీల్చి, మాంసం పాడవకుండా పేగులు తీసేసింది. లెస్టర్ నోటి వెంట వచ్చిన మొదటి మాట, "అది నా తుపాకీయేనా?"

తుపాకీ అంటే ఆమెకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. పెళ్ళయిన కొత్తలో, చేతిలో బట్టల గంప ఉండి కింద కనబడక, గుమ్మంలో పెట్టిన లెస్టర్ తుపాకీని దాటింది. అత్త ఆగ్నెస్ చూసి నెత్తీ నోరూ కొట్టుకుంది. "ఆడది దాటిన తుపాకీకి ఇంక వేట పడుతుందా? నీ చేతికి కత్తి ఉందిగా, అది చాలు నీకు!" ఆ ఏడు, ఆ మరుసటేడు లెస్టర్ గురి తప్పినప్పుడల్లా ఇంటిల్లిపాదీ తెక్లా కాలి వంక చూశారు. గుమ్మంలో తుపాకీ ఎందుకు పెట్టావురా అని అతన్ని అడిగినవాళ్ళు లేరు. ఆమె కత్తితోనే బతికింది. అతను తెచ్చినవన్నీ కోసింది, ఎండబెట్టింది, పొగబెట్టింది, పంచిపెట్టింది. తను పనిచేసే బడి వంటశాలలోనూ అదే పని, అక్కడైతే పొగ తక్కువ.

నిన్న సాయంత్రం మాంసం కోత అయ్యాక టీ తాగుతూ లెస్టర్ గొంతు సవరించుకున్నాడు.

"ఊళ్ళో నా దగ్గరికొచ్చిందని చెబుదాం."

తెక్లాకు వెంటనే అర్థమైంది. ఎవరికైనా మొదటిసారి దొరికిన జంతువు మొత్తం ఊళ్ళో ముసలివాళ్ళ ఇళ్ళకు పోవాలి. కొట్టినవాళ్ళు ఒక్క ముక్క ఉంచుకోకూడదు. పన్నెండేళ్ళ పిల్లాడికైనా అదే పద్ధతి, యాభై రెండేళ్ళ ఆమెకైనా అదే. లెస్టర్‌దంటే మొదటిది కాదు, మాంసం ఇంట్లోనే ఉంటుంది.

"ఈ ఏడు సర్కారు చేపలు పట్టనివ్వడం లేదు కదా వదినా," అన్నాడు హార్వే నేల చూపులు చూస్తూ. "ఫ్రీజరు ఖాళీ. ఇది కూడా పంచేస్తే పిల్లలకేం పెడతాం?"

"అయినా గొప్పలు చెప్పుకోకూడదు తెక్లా," అన్నాడు లెస్టర్. "దుప్పికి కోపమొస్తుంది."

గొప్పలు చెప్పుకోకూడదన్నది నిజమే. లెస్టర్ ఎప్పుడూ చెప్పుకోడు. తన తరఫున హార్వే చెబుతుంటే పక్కన కూర్చుని వింటాడు.

ఇప్పుడు ముందుకాలు మోస్తూ ఆ మాటలే నములుతోంది తెక్లా. అన్యాయమైన మాటయితే తిట్టి పారేసేది. ఇది న్యాయంగానే ఉంది. కూతురు పిల్లలు ఆ ఫ్రీజరు మీదే బతుకుతారు. అసలు ఆలోచిస్తే ఇన్నేళ్ళూ తన నోరు మూయించిన మాటలన్నీ న్యాయంగానే ఉన్నాయి. నువ్వెలాగూ లేచే ఉన్నావుగా, పొయ్యి రాజెయ్యి. నువ్వయితే బాగా కోస్తావు, నువ్వే కొయ్యి. బడిలో పెద్ద వంటమనిషి పని ఖాళీ అయితే, నీకా బాధ్యతలెందుకు తెక్లా, హాయిగా ఉన్నావు. ఒక్కదానికీ ఎదురు చెప్పడానికి వీల్లేదు. అన్నీ కలిపి చూస్తే మాత్రం తన కోసం మిగిలింది చేతిలో కత్తి.

దుబ్బు ఒరిగింది. కాలు జారి వెల్లకిలా పడింది. వీపు కింద దుప్పి కాలు, దాని మీద తను, చుట్టూ చన్నీళ్ళు. పట్టీలు భుజాలను నేలకు లాగి పట్టాయి. తిరగబడ్డ తాబేలు కూడా ఇంతకన్నా నయంగా ఉంటుంది. ముందు లెస్టర్ ఈల వేసుకుంటూ వెళ్ళిపోతున్నాడు. పిలుద్దామనుకుంది. వెనక్కి తిరుగుతాడేమో చూద్దామని ఊరుకుంది. ఈల దూరమైపోయింది. పైన కొంగలు బారులు తీరి దక్షిణానికి పోతున్నాయి. తెక్లాకు నవ్వొచ్చింది. నీళ్ళు చొక్కాలోకి చేరుతుంటే అలాగే పడుకుని నవ్వింది. ఆ తర్వాత పక్కకు దొర్లి, మోకాళ్ళ మీద లేచి, తుప్ప పట్టుకుని నిలబడింది. దుప్పి కాలు ఊడిపడలేదు, ముడి గట్టిదే. ఆ ముడి ఒక్కటీ బాగా వేస్తాడు లెస్టర్.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు తిరిగింది. పక్కటెముకలు, మెడ, తల. ఏదీ వదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం పడవ ఊరి ఒడ్డుకు చేరింది. మాంసం వచ్చిందంటే చాలు, పనున్నవాళ్ళూ లేనివాళ్ళూ దిగుతారు. ఎనభై నాలుగేళ్ళ ఆగ్నెస్ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. ఎవరు కొట్టారు అని ఇక్కడ అడగరు; జంతువే మనిషిని ఎంచుకుని వస్తుందంటారు.

"ఎవరి దగ్గరికొచ్చింది?" అంది ఆగ్నెస్.

హార్వే ఉన్నట్టుండి తాడు చుట్టడంలో పడిపోయాడు. లెస్టర్ గొంతు సవరించుకున్నాడు. తల్లి మొహం చూసి అబద్ధం ఆడటానికి ఎంత వయసు వచ్చినవాడికైనా రెండు క్షణాలు పడుతుంది. తెక్లాకు అవి సరిపోయాయి.

"నా దగ్గరికే వచ్చింది అత్తమ్మా," అంది, చీలమండల లోతు నీళ్ళలో పడవను పట్టుకుని. "ఇదే మొదటిది."

ఆగ్నెస్ చూపు కోడలి మొహం మీంచి మెల్లగా దిగి కాళ్ళ దగ్గర ఆగింది. మళ్ళీ పైకొచ్చింది.

"అయితే నువ్వు తినకూడదు."

"తెలుసత్తమ్మా."

"నాలిక చివరకు కూడా తగలకూడదు."

"తెలుసు."

మొదటి భాగం ఆగ్నెస్ ఇంటికే మోసింది తెక్లా. వసారాలో చట్రం దించుతుంటే ముసలామె వెనకే కర్ర టకటకలాడిస్తూ వచ్చింది. వచ్చి, మాంసం సంచి మీద చెయ్యి వేసింది.

"నా దగ్గరికీ ఒకటొచ్చింది," అంది. "హార్వే కడుపులో ఉన్నాడు. మీ మామయ్య దగ్గరికొచ్చిందని చెప్పాం. ఆకలి రోజులు మరి. నేనూ తిన్నాను, బాగానే ఉంది." చెయ్యి ఇంకా సంచి మీదే ఉంది. "మళ్ళీ ఎప్పుడూ రాలేదు."

ముప్పై ఏళ్ళు ఈమె మీద పెంచుకున్న కోపాన్ని ఎక్కడ దించుకోవాలో తెక్లాకు తెలియలేదు. అత్త చేతి మీద తన చెయ్యి వేసింది, అంతే. రెండూ కత్తి పట్టి కాయలు కాసిన చేతులే.

తిరిగి ఒడ్డుకొచ్చేసరికి జనం పలచబడ్డారు. పడవలో ఇంకా సగం మాంసం ఉంది. లెస్టర్ అంచు మీద కూర్చుని నడుం పట్టుకుని ఉన్నాడు.

"అంతా ఇచ్చేస్తున్నావు. చలికాలమంతా ఏం తింటామే మనం?"

తెక్లా చట్రాన్ని ఒడ్డున ఆన్చి, దుప్పి తలను దాని మీద కట్టుకుంది. పట్టీలు భుజాలకు వేసుకుని, ఒక మోకాలు లేపి, రెండోది లేపి నిలబడింది.

"సీజను ఇంకా ఐదు రోజులుంది లెస్టర్. వెళ్ళు, నీ దగ్గరికేదైనా వస్తుందేమో చూడు," అంది. "మోసుకొచ్చేది మాత్రం నువ్వే."