పైకి చూసే ముఖాలు

కోడలు స్టూలెక్కి హాల్లో ఫొటోలు తుడుస్తోంది. ముందు తడిగుడ్డ, వెనకే పొడిగుడ్డ. మొదట మామగారిది, తర్వాత ఆయన అన్నగారిది, చివర వాళ్ల మేనమామది. ముగ్గురికీ ఒకటే నల్లకోటు. బతికుండగా ఆ కోటు వాళ్లెవరికీ లేదు. కింద స్టూడియోలో ఆమె భర్త పోయినవాళ్లందరికీ అదే తొడుగుతాడు. ముగ్గురూ తల కాస్త పైకెత్తి, ఒకే వైపు చూసి నవ్వుతున్నారు. నవ్వంటే మామగారిదే. పై పెదవి ఒక పక్కకి లేచి, ముందుపళ్ల మధ్య సందు కనిపిస్తుంది. సరిగ్గా ఆ సందు మీద ఈగ వేసిన చుక్కను ఆమె గోటితో గీకింది.

ఊళ్లో ఏ ఇంటికెళ్లినా పెద్దవాళ్లు గోడ మీద ఇలాగే పైకి చూస్తుంటారు. ఆ తరం మగవాళ్లు ఫొటో దిగింది ఒక్కసారే, బజారువీధి దీపస్తంభానికి ఒక మనిషిని కొట్టి వేలాడదీసిన రోజున. ఫొటోగ్రాఫరుకు కబురుపెట్టి రప్పించి, అందరూ కదలకుండా నిలబడ్డారు. తర్వాత ఆ ఫొటోను కార్డులుగా వేసి అమ్మారు కూడా. వాళ్లలో ఎవరు పోయినా పిల్లలు ఆ కార్డు తెచ్చి, ఇదిగో మా నాన్న ఈయన అని వేలు పెట్టి చూపిస్తారు. స్టూడియోలో ఆ తల ఒక్కటీ కోసి, పెద్దది చేసి, కోటు తొడిగి ఇస్తారు. ఒకరి ముక్కు మసకబారితే ఇంకొకరి ముక్కు తెచ్చి అతికించడం అక్కడ మామూలే. తాతయ్య ఏం చూస్తున్నాడని మనవలు అడిగితే, మబ్బు పట్టింది, వానొస్తుందేమోనని చూస్తున్నాడంటారు.

కోడలిది ఏటి అవతలి ఊరు. వేలాడిన మనిషి తన తల్లికి తండ్రి అని ఆమెకు మొన్నటిదాకా తెలియదు. తల్లి మంచం పట్టాక చెప్పింది. ముందే చెబితే సంబంధం చెడుతుందని దాచానంది. ఆయన్ని వేలాడదీసేనాటికి తల్లి ఇంకా కడుపులోనే ఉంది. ఎవరో వేళాకోళానికి ఆ కార్డు తెచ్చి గుమ్మంలో పడేస్తే, అమ్మమ్మ దాన్ని పొయ్యిలో పెట్టింది. కన్నతండ్రి ముఖం ఎలా ఉంటుందో తల్లి ఎరగదు.

"ఊళ్లో వాళ్లందరికీ వాళ్ల తండ్రుల్ని కోసి ఇస్తాడుగా నీ మొగుడు," అంది తల్లి. "నా తండ్రినీ ఇమ్మనవే. చూసి పోతాను."

గుడ్డలు పిండి ఆరేసి, కోడలు కిందికి వెళ్లి భర్తకు అంతా చెప్పింది. అతను మౌస్ వదిలేసి ఆమెను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత ఆ పాత ఫొటో తెరిచి, ఒక మూలను పెద్దది చేశాడు. ఆమె వంగి చూడబోతే తెర తన వైపుకి తిప్పుకున్నాడు.

"మూతి బాగా చితికిపోయింది. నువ్వు చూడకు."

"చితికినా ఫరవాలేదండి. ఆయన ముఖమే కావాలి."

"అలా ఎలా ఇస్తాం? గోడకు పెట్టుకునేది. బాగుచేస్తాలే."

అత్తగారు మెట్ల మీద నిలబడి అంతా విన్నది. కోప్పడలేదు, నవ్వింది. "ఓహో. అయితే మీ మామగారు వియ్యాలవారిని ఎప్పుడో పలకరించారన్నమాట." కొడుకు నవ్వాపుకోలేక దగ్గాడు. "మూతి లేదని దిగులెందుకురా? మన దగ్గర మూతులకేం కరువు," అని ఆవిడ పైకి వెళ్లిపోయింది.

ఆ రోజునుంచి ఇంట్లో కోడలి పేరు దీపస్తంభం వాళ్లమ్మాయి. చీకటి పడగానే అత్తగారు పిలిచి లైటు వేయమనేది, మీ వంశానికి దీపాలు బాగా అచ్చొచ్చాయి తల్లీ అనేది. భర్త అన్నం తింటూ తలెత్తకుండా నవ్వేవాడు. ఫొటో చేతికొచ్చేదాకా నోరు విప్పకూడదని కోడలు అనుకుంది.

అతను ఫ్రేముకు అట్ట చుట్టి, తాడు కట్టి ఇచ్చాడు. దారిలో విప్పొద్దనీ, అద్దం పగులుతుందనీ, అక్కడ మీ అమ్మచేతే విప్పించమనీ చెప్పాడు. మీ అమ్మను మావాళ్లంతా అడిగారని చెప్పమంది అత్తగారు.

పుట్టింట్లో ఆమె తల్లిని దిండుకు ఆనించి కూర్చోబెట్టింది. తాడు ముడి తనే విప్పింది. అట్ట తల్లి తీసింది.

అదే నల్లకోటు. నుదురు, చెవులు ఎన్నడూ చూడనివి. భర్త మెడ నిలబెట్టి, కళ్లు తెరిపించాడు. అందరిలాగే ఆయనా పైకి చూస్తున్నాడు. పై పెదవి ఒక పక్కకి లేచి ఉంది. ముందుపళ్ల మధ్య సందు.

అది ఆమె రోజూ తుడిచే నోరు.

"నవ్వుతున్నాడే," అంది తల్లి. వాళ్లమ్మ చెప్పిన అరుపులు చిన్నప్పటినుంచీ కలలోకి వచ్చేవనీ, ఇంక రావనీ అంది. చచ్చేవాడు ఇలా నవ్వాడంటే చంపినవాళ్లు మరీ అంత దుర్మార్గులు కారేమోనంది. ఆ పెదవిని వేలితో తడిమింది. ఫ్రేమెత్తి, అద్దం మీద ఆ నోటినే ముద్దు పెట్టుకుంది.

"ఎదురుగా తగిలించవే. లేవగానే కనబడాలి."

కూతురు మేకు కొట్టింది. ఫ్రేము తగిలించి, అద్దం మీద తల్లి నోటి తడిని అలవాటుగా పైటచెంగుతో తుడిచింది.

"పోలికలు చూడు," అంది తల్లి మంచం మీదనుంచి. "నాకు కళ్లు సరిగ్గా ఆనవు. ఆ నవ్వు ఎవరిదిలా ఉందో నువ్వు చెప్పు."

కూతురు అట్టనూ తాడునూ మడిచి చంకలో పెట్టుకుంది. చెప్పులేసుకుంది. తల్లి ఇంకా గోడవైపే తల పైకెత్తి చూస్తుండగా, బయటికి నడిచింది.