రెండో రీమిక్స్‌లో లేని మాట

రోజూ ఉదయం ఆరున్నరకి వంటింట్లోంచి "లేవండి, కాఫీ చల్లారిపోతోంది" అని వినిపించేది. తండ్రి లేచేవాడు. భార్య పోయి రెండేళ్ళయింది కాబట్టి పొయ్యి మీద కాఫీ ఉండేది కాదు. ఆయనే కలుపుకుని, "వేడిగానే ఉంది కదే, ఎందుకంత కంగారు పెడతావ్" అని గోడకేసి విసుక్కుంటూ తాగేవాడు. బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు ఇంజన్లు విప్పిన మనిషి, ఇప్పుడు ఆ ఒక్క మాట కోసమే ఒళ్ళు కదిలిస్తున్నాడని అందరికీ తెలుసు. గొంతు గురించి మాత్రం ఎవరూ వింతపడలేదు. గ్యాస్ బండ తెచ్చేవాడైతే, "మా మేనత్తదైతే, ఆవిడ పోయాక నాలుగేళ్ళుందండీ, తలుపేసుకోమని ఒకటే పోరు" అన్నాడు.

అయితే ఆ గొంతు నెలనెలకీ సన్నబడుతోంది.

కొడుకుని వీధిలో అందరూ గుబగుబ అంటారు. అతని గదిలోంచి పొద్దస్తమానం వచ్చే చప్పుడు అదే. అతను చేసేది డబ్ టెక్నో. గుండె కొట్టుకున్నట్టు ఒకటే దరువు, దాని మీద ఏదో ఒక శబ్దం, దానికి ప్రతిధ్వని, ఆ ప్రతిధ్వనికి ఇంకో ప్రతిధ్వని. అలా పది నిమిషాలు. అంతా విన్నాక, "పాట ఎప్పుడు మొదలవుతుందిరా?" అని తండ్రి అడిగేవాడు.

అమ్మ గొంతు పూర్తిగా ఆగిపోయేలోపు దాన్ని రికార్డుకెక్కించాలని గుబగుబ ఆశ. ఓ చిన్న కంపెనీ సరేనంది. ఒక వైపు అతని పాట, రెండో వైపు వేరేవాళ్ళు చేసే రెండు రీమిక్స్‌లు. రీమిక్స్ చేసేవాళ్ళకి శబ్దాలు విడివిడిగా పంపాలి. గొంతు పొడిగా ఉండాలి, అంటే గది మార్మోగడం అందులో పడకూడదు. అందుకని ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి వంటింటి గోడలకి మేకులు కొట్టి వేలాడదీశాడు. ఆరున్నరకి మైకు పెట్టాడు. గొంతు శుభ్రంగా పడింది.

ఆ సాయంత్రమే దుప్పట్లు తీసేశాడు. మర్నాడు ఆరున్నరయింది. ఏడయింది. ఈ గోడకీ ఆ గోడకీ తగులుతూ రెండేళ్ళు బతికిన మాట, ఆ ఒక్క పూట తగలడానికి గోడ లేక ఆగిపోయింది. పదేళ్ళుగా ప్రతిధ్వనులతోనే కాపురం చేస్తున్నవాడికి ఆ మాత్రం తట్టలేదు. తండ్రి మంచం దిగలేదు.

రికార్డింగ్ వినిపించి చూశాడు. "అది పాటరా. మీ అమ్మ కాదు" అని ఆయన అటు తిరిగిపోయాడు.

మూడు నెలలు గడిచాయి. ఒంట్లో జబ్బేమీ లేదని డాక్టరు చెప్పి వెళ్ళాడు. తండ్రి లేవడూ లేడు, నిద్రపోవడూ లేడు. కన్ను మూస్తే ఆ మాట వచ్చి వెళ్ళిపోతుందేమోనని భయం. రెండు ముద్దలు తినిపించడానికి గంట పట్టేది. తనే చేజేతులా ఇంత పని చేశానని గుబగుబ కుమిలిపోయాడు.

రికార్డు విడుదలైన వారం ఓ పార్సిల్ వచ్చింది. రెండో రీమిక్స్ చేసినావిడ, పాత టేపు మిషన్లు బాగుచేసే మనిషి, రికార్డులతోపాటు చిన్న టేపు, ఓ ఉత్తరం పెట్టింది. "గొంతు ఆగాక కూడా మీ మైకు కాసేపు నడిచింది కదా. ఆ ముక్కని పెంచి పెంచి విన్నాను. అడుగున ఇంకో మాట ఉంది. రీమిక్స్‌లో పెట్టడానికి చేతులు రాలేదు. మీ ఇంటి మాట, మీ దగ్గరే ఉండాలి."

గుబగుబ తలుపేసుకుని విన్నాడు. విని, టేపుని బీరువాలో బట్టల కింద దాచేశాడు.

తొమ్మిది రోజులు దాచగలిగాడు. పదో రోజు పొద్దున్న తండ్రి అడిగాడు. "ఆ పార్సిల్లో ఏమొచ్చిందిరా?"

"రికార్డులే నాన్నా."

"అబద్ధం చెప్పేటప్పుడు నువ్వూ మీ అమ్మలాగే ముక్కు తుడుచుకుంటావ్. పెట్టు."

ఆరున్నరకి వంటింట్లో టేపు పెట్టాడు. చాలాసేపు ఇసుక జారుతున్నట్టు చప్పుడు. ఆ తర్వాత ఆవిడ, పొయ్యి దగ్గర్నించి ఇటు తిరిగి చెబుతున్నట్టుగా, "సరేలెండి, ఇంకాసేపు పడుకోండి. నేను లేపుతాగా" అంది.

"అదీ! అలా చెప్పు" అన్నాడు తండ్రి. మూడు నెలల తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

గుబగుబ ఆయనకి దుప్పటి కప్పాడు. దానికి మేకు చిల్లులు ఇంకా ఉన్నాయి. కాఫీ కలిపి, గ్లాసు మీద మూత పెట్టి, మంచం పక్కనే కూర్చున్నాడు. కాఫీ చల్లారింది. మధ్యాహ్నానికి తండ్రి చేతులు కూడా చల్లబడ్డాయి. అతను లేపలేదు.